జారిన చక్రము – ప్రతిపక్ష భావన

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయమందలి తృతీయవల్లిలో యమధర్మరాజు నచికేతునకు ఒక రథమును చూపును. శరీరము రథము, ఆత్మ రథస్వామి, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు, శబ్దస్పర్శాది విషయములు ఆ గుఱ్ఱములు పరుగెత్తు బాటలు. మూలమందలి ‘ప్రగ్రహ’ శబ్దమే తెలుగున ‘పగ్గము’ అయినది. కావున రాయలసీమ సేద్యగాడు ఎద్దులను తోలునప్పుడు చేతబట్టు త్రాటికిని, ఉపనిషత్తు మనస్సునకిచ్చిన ఉపమానమునకును పేరొక్కటియే.

ఈ రూపకమును వినని సాధకుడు అరుదు. వినిన పిమ్మట ఒక సందేహము మాత్రము పలువురకు మిగిలిపోవును. పగ్గము వశమందున్నచో రథము గమ్యమును చేరునని తెలిసినది. వశము తప్పినచో సంసారమున పడవేయునని తెలిసినది. ఈ రెంటి నడుమ ఒక క్షణమున్నది. చక్రము ఇప్పుడే జారినది, రథమింకను బోల్తాపడలేదు. ఆ క్షణమున సారథి ఏమి చేయవలెను? సంపూర్ణ నిగ్రహము సిద్ధులకే సాధ్యము. సంపూర్ణ పతనము కొందఱికే ప్రాప్తము. జారుట మాత్రము అందఱికిని నిత్యానుభవము. సాధకుని జీవితములో అధికభాగము గడచునది ఆ నడిమి క్షణముననే.

2009వ సంవత్సరమున అనంతపురమున ఇంజనీరింగు చదువుచుండిన ఒక యువకునకు ఈ ప్రశ్న శాస్త్రముఖమున రాలేదు. హాస్టలు గదిలో, మిత్రుని కంప్యూటరుపై, కార్ల పందెపు వీడియో గేమ్ రూపమున వచ్చినది.

అతడు కళ్యాణదుర్గము ప్రాంతమునందలి ఒక గ్రామపు రైతుబిడ్డ. ఆ పీఠభూమి వర్షచ్ఛాయలో నున్నది. నైరుతి మేఘములు పడమటి కనుమలపై తమ భారమును దించుకొని ఇచ్చటికి వట్టిచేతులతో వచ్చును. ఈశాన్య మేఘములు తీరమునుండి ఇంతదూరము చేరునప్పటికి అలసిపోవును. సంవత్సర వర్షపాతము సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమున మాత్రమే. ఎఱ్ఱనేలలు లోతులేనివి, నీటిని ఎక్కువకాలము పట్టి నిలుపలేవు. ఇట్టి నేలలో రైతు వానను నమ్మి వేరుశెనగ విత్తును. వాన కురిసిన పిదప నేలలో విత్తుటకు తగిన తేమ నిలుచు ఆ కొలది దినములను ‘పదును’ అందురు. పదును తప్పినచో ఆ యేటి పంటపై ఆశ తప్పినట్లే. 2009లో దేశమంతట నైరుతి ఋతుపవన వర్షము సాధారణముకంటె సుమారు 22 శాతము తగ్గెను. అట్టి సంవత్సరమున ఆ యింటివారు ఆకాశమును చూచుచు కూర్చుండిరి. వారి కుమారుడు హాస్టలున కంప్యూటరు తెరను చూచుచు కూర్చుండెను.

ఆ గేమ్ పేరు ‘నీడ్ ఫర్ స్పీడ్: అండర్‌గ్రౌండ్ 2’. 2004లో వెలువడినది. ఒక కల్పితనగరపు వీధులలో రాత్రివేళ కార్ల పందెములు వేయుట దాని ఇతివృత్తము. అందు వేగపు పందెములతోపాటు ‘డ్రిఫ్ట్’ అను పోటీయు కలదు. ఈ పోటీలో ముందుగా గమ్యము చేరినవాడు విజేత కాడు. మలుపులందు కారును ఎంతసేపు, ఎంత నేర్పుతో పక్కకు జార్చుచు నడిపెనో దానినిబట్టి అంకములు వచ్చును. జారుచుండగా గోడకు తగిలినచో ఆ జారుటలో అప్పటివఱకు కూడిన అంకములు పోవును.

ఈ విద్యకు పుట్టినిల్లు జపాను దేశము. 1970ల దశకమున కునిమిత్సు తకహాషి అను పందెగాడు మలుపులందు కారును జార్చుచు నడుపు రీతిని ప్రసిద్ధము చేసెను. అతనిని చూచి స్ఫూర్తినొందిన కేయిచి త్సుచియా కొండదారులలో దానిని సాధనచేసి, ‘డ్రిఫ్ట్ రాజు’ అని పేరుగాంచెను. సామాన్యుల బాటపై అట్లు నడుపుట పరప్రాణహింసకు దారితీయును గనుక అధర్మమే. ఆ యువకుడు నిజమైన కారుతో ఎన్నడును అట్టి పని చేయలేదు, చేయుటకు అతనికి కారును లేదు. అతనికున్నవి నాలుగు బాణపు గుర్తుల మీటలు, ఒక స్పేస్ మీట మాత్రమే.

డ్రిఫ్ట్ అనగా ప్రమాదవశమున జారుట కాదు, తెలిసి జారుట. మలుపునందు హ్యాండ్‌బ్రేకు నొక్కినచో వెనుక చక్రములకు నేలపై పట్టు తప్పును. కారు వెనుకభాగము మలుపు వెలుపలికి విసరుకొనిపోవును. అప్పుడు నడుపువాడు స్టీరింగును మలుపువైపు గాక దానికి ఎదురువైపు త్రిప్పవలెను. మలుపు ఎడమకు, ముందు చక్రములు కుడికి. కారు ముఖము లోపలి గోడవైపు, గమనము మాత్రము బాట వెంట. చూచువారికి ఇది విపరీతముగా తోచును. కాని ఆ ఎదురు త్రిప్పుటయే కారును గిరగిర తిరిగిపోకుండ నిలుపుచున్నది.

మొదటి రాత్రులలో అతడు చేసిన తప్పు, వెనుకభాగము జారగానే భయపడి బ్రేకు వేయుట. బ్రేకు వేయగా కారు బరువు ముందుకు మొగ్గును, వెనుక చక్రములు మఱింత తేలికపడును, ఉన్న కొద్దిపాటి పట్టును పోవును. కారు గిరగిర తిరిగి వచ్చినదారికి మొగము పెట్టి నిలిచిపోయెడిది. బ్రేకు మానిన పిదప రెండవ తప్పు మొదలయ్యెను. ఎదురు మీటను గట్టిగా అదిమిపట్టెడివాడు. కారు ఆ వైపు గోడకు కొట్టుకొనెడిది. నిజమైన స్టీరింగును కొంచెము త్రిప్పవచ్చును. మీటకు ‘కొంచెము’ అనునది తెలియదు. నొక్కుట, విడుచుట అను రెండే దానికి తెలియును.

కొన్ని వారములకు అతని వ్రేళ్ళు ఒక ఉపాయమును కనుగొన్నవి. మీటను నొక్కి వెంటనే విడిచి, మరల నొక్కి మరల విడిచి, ఇట్లు చిన్నచిన్న తాకిడులతో ‘కొంచెము’ అనుదానిని తానే కట్టుకొనవచ్చును. కారు తొలిసారి ఒక దీర్ఘమైన మలుపును పక్కవాటుగా దాటినప్పుడు అతడు లేచి నిలుచుండెను. అప్పటికి తెల్లవారుజాము నాలుగు గంటలు.

పతంజలి యోగసూత్రముల సాధనపాదమున ముప్పదిమూడవ సూత్రము ‘ప్రతిపక్ష భావన’ను ఉపదేశించును. హింస, అసత్యము మొదలగు వితర్కములు మనస్సును బాధించునప్పుడు వాని ఎదురుపక్షమును భావింపవలెనని దాని తాత్పర్యము. ఇది బ్రేకు వేయు విధానము కాదు. ‘ఈ తలంపు నాకు రాలేదు’ అని కన్నులు మూసికొనుట బ్రేకు. జారినదని ఒప్పుకొని, జారిన దిశకు తగినంత ఎదురు దిశను చూపుట ప్రతిపక్ష భావన. ఆ యువకుని వ్రేళ్ళు దీనిని నేర్చుచుండినవి. మనస్సు మాత్రము నేర్వలేదు.

ఎట్లనగా, గేమ్‌లో బ్రేకు మానినవాడు జీవితమున బ్రేకు మీదనే నిలిచియుండెను. ఆ యేడు అతడు నాలుగు సబ్జెక్టులు తప్పెను. ఆ సంగతి ఇంట చెప్పలేదు. ఫీజు కొరకు తల్లి మెడలోని గొలుసు తాకట్టున నుండెను. ప్రతి ఆదివారము తండ్రి ఊరిలోని దుకాణమునుండి ఫోను చేసెడివాడు.

“ఏమిరా, బాగా సదువుతాండావా?”

“బాగానే ఉండాది నాయనా.”

“వాన పడలేదు ఇంగా. నువ్వు మాత్రం దాని గురించి ఆలోచన పెట్టుకోవాకు.”

ఫోను పెట్టివేసిన వెంటనే అతడు కంప్యూటరు ముందు కూర్చుండెడివాడు. తండ్రి కంఠమును మఱచుటకు అంతకంటె శీఘ్రోపాయము వేఱొకటి అతనికి కనబడలేదు. జారినదని తెలిసియు తెలియనట్లుండుటయే అసలైన జారుట. పుస్తకము తెరచినచో తప్పిన పరీక్షలు జ్ఞప్తికి వచ్చును. కావున పుస్తకము తెరువలేదు. తెరువనందున మఱికొన్ని తప్పుటకు సిద్ధమగుచుండెను. బ్రేకు వేసినకొలది పట్టు తప్పుట యనగా ఇదియే.

శ్రావణమాసమున ఒక రాత్రి వారి యూరిలో వాన కురిసెను. మఱునాటి ఉదయము తండ్రి ఫోను చేసెను. కాలికి దెబ్బ తగిలి తాను గొర్రు పట్టలేకున్నానని, పదును పోకముందే రమ్మని పిలిచెను. అతడు సాయంకాలపు బస్సులో కళ్యాణదుర్గము చేరి, అచ్చటినుండి ఊరికి పోయెను.

తెల్లవారకముందే చేనికి పోయిరి. తండ్రి గట్టుపై కూర్చుండెను. కొడుకు గొర్రు పట్టుకొని ఎద్దులను తోలెను. వెనుక తల్లి జడ్డిగములో విత్తనములు విడుచుచుండెను. మొదటి సాలు నడిమికి వచ్చుసరికే వంకర తిరిగెను. రెండవది దానికంటె వంకర. ఎద్దులు పక్కకు పోవుచున్నవని అతడు వాని కాళ్ళనే చూచుచుండెను. చూచినకొలది అవి పక్కకే పోవుచుండెను. తండ్రి గట్టునుండి కేకవేసెను.

“ఎద్దుల కాళ్ళు జూడొద్దురా. ఆ గట్టుమీద యాపమాను ఉండాది, దాన్ని జూస్తా తోలు.”

అతడు తల యెత్తి చేనికి ఆవలి గట్టుమీదనున్న వేపచెట్టును చూచెను. పగ్గమును లాగి పట్టుకొనెను. ఎద్దు ఎడమనుండి కుడికి మళ్ళి, కుడికే తిరిగిపోవసాగెను.

“పగ్గం రవంత గుంజి ఇడుసు! గుంజి పట్టుకున్యావంటే అది తిరుక్కుంటాది.”

మూడవ సాలు సరిగా వచ్చెను. నాలుగవది తండ్రి సాలువలె ఉన్నదని తల్లి వెనుకనుండి అనెను. అతడు ఆ క్షణమున ఆశ్చర్యముతో నిలిచిపోయెను. తాను గేమ్‌లో గోడకు ఎందుకు తగులుచుండెనో అతనికి తెలిసినది. అతని కన్నులు ఎల్లప్పుడు గోడపైననే యుండెడివి. తగులుదునేమో యని దేనిని చూచునో, చేయి దానివైపే పోవును. చూడవలసినది మలుపు ముగియుచోటు.

మహాభారతమున ద్రోణుడు శిష్యుల లక్ష్యదృష్టిని పరీక్షించిన కథ అందఱెఱిగినదే. చెట్టు, కొమ్మలు, గురువు, తోడివారు అన్నియు కనబడినవారు విల్లు దించవలసివచ్చెను. పక్షి శిరస్సు తప్ప వేఱొకటి కనబడని అర్జునుడు బాణము విడిచెను. ఆ కథను వినునప్పుడు మనకు నిశ్చలముగా నిలిచిన విలుకాడు గోచరించును. జారుచున్న రథమునందలి వానికి ఆ స్థిరత్వము లేదు. అతని రథముఖము గమ్యమువైపు లేదు, చక్రములు గమ్యమువైపు లేవు, నేలపై పట్టు లేదు. ఉన్నది చూపు ఒక్కటియే. అయినను అది చాలును. తన మనస్సు ఇప్పుడు ఏ దిక్కునకు మొగము పెట్టియున్నదో చూచి సాధకుడు నిరాశ చెందనక్కఱలేదు. దృష్టి ఎచ్చటనున్నదన్నదే ప్రశ్న.

మధ్యాహ్నము వేపచెట్టు నీడన రాగిసంగటి, ఊరిబిండి తినిరి. తల్లి నీళ్ళకై పోయినది. అతడు చేయి కడుగుకొని కొంతసేపు ఊరకుండి, తల వంచుకొని చెప్పెను.

“నాయనా, నాలుగు సబ్జెక్టులు పోయినాయి.”

తండ్రి వెంటనే మాటాడలేదు. కాలి కట్టును సర్దుకొనెను. ఎద్దులవైపు చూచెను. “ఎప్పుడు?” అని అడిగెను.

“పోయిన పరీక్షల్లోనే. చెప్పల్లనుకున్యా. చెప్పలేకపోయినా.”

“రేత్రిళ్ళు ఏం జేస్తాంటివి?”

అతడు గేమ్ సంగతి చెప్పెను. తండ్రికి అది ఏమిటో అర్థము కాలేదు. కారును పక్కకు జార్చుట నేర్చుకొంటిననగా, “జారకుండా తోలేదానికి గదా కారు?” అని మాత్రము అడిగెను. మరల మౌనము. తల్లి బిందెతో దూరమున వచ్చుచుండుట చూచి తండ్రి లేచెను.

“సాలు వంకరపోయిందని చేను ఇడ్సిపెట్టి పోతామా? లెయ్, తోలు. కానీ ఒకటి. వంకర పోయేటప్పుడే చెప్పల్ల. గట్టు తగిలినంక గాదు.”

ఆ యువకుడు తిట్లను నిరీక్షించియుండెను. తిట్టినచో కొంత భారము తగ్గియుండెడిది. తండ్రి చేసినది ప్రతిపక్ష భావనయే. కోపము పగ్గమును గట్టిగా లాగి పట్టుకొనుమని చెప్పును. ఆయన రవంత గుంజి విడిచెను.

కాని కొడుకునకు ఆ పాఠములో సగమే అప్పుడు తెలిసినది. వేపచెట్టును చూడవలెనన్నది పట్టుకొనెను. గుంజి విడువవలెనన్నది విడిచిపెట్టెను. అనంతపురమునకు తిరిగివచ్చిన వెంటనే కసాపురము నెట్టికంటి ఆంజనేయస్వామి సన్నిధికి పోయి ఘోరమైన వ్రతమును పట్టెను. గేమ్‌ను ఇక తాకను; ఒంటిపూట భోజనము; తెల్లవారుజాము మూడు గంటలకు లేచుట; మిత్రులతో మాటాడకుండుట. తాను చేసిన తప్పు ఎంత పెద్దదో శిక్షయు అంత పెద్దదిగా ఉండవలెనని అతని తలంపు. మొదటి వారము గర్వముతో గడచెను. రెండవ వారము ఆకలితో గడచెను. మూడవ వారమున పుస్తకము తెరచి కూర్చుండునే కాని, కన్నుల ముందు మలుపులే కదలాడెడివి. ఇంద్రియములను బిగించి మనస్సుతో విషయములనే స్మరించువానిని గీత తృతీయాధ్యాయమున మిథ్యాచారుడనెను. ఇరువదిరెండవ రాత్రి మిత్రుడు ఊరికి పోయెను. కంప్యూటరు గదిలో ఒంటరిగా నుండెను. అతడు తెల్లవారువఱకు ఆడెను. ఉదయమున జరుగవలసిన పరీక్షకు పోలేదు.

ఆ రాత్రి, ఒక మలుపు చివర, కారు అతనికి మిగిలిన సగము పాఠమును చూపెను. మలుపు ముగియుచున్నది. వెనుక చక్రములకు పట్టు తిరిగి దొరకినది. కాని అతని వ్రేలు ఎదురు మీటను ఇంకను విడువలేదు. ముందు చక్రములు ఎదురువైపే తిరిగియున్నవి. పట్టు దొరకిన కారు ఒక్క పెట్టున ఆ దిక్కునకు దూకి ఆవలి గోడకు గ్రుద్దుకొనెను. మొదటి గోడను తప్పించిన సాధనమే రెండవ గోడకు కారణమయ్యెను. అంకములన్నియు సున్న. “గుంజి పట్టుకున్యావంటే అది తిరుక్కుంటాది” అన్న మాట అప్పుడు అతనికి వినబడెను. తన ఇరువదియొక్క దినముల వ్రతము ఏమైనదో అతనికి కన్నులకు కట్టినట్లు తెలిసినది.

ఇదియే ఈ కథలో సాధకులు గ్రహింపదగిన సారము. ప్రతిపక్షము ఔషధము, ఔషధమును ఆహారము చేసికొనరాదు. రోగము తగ్గుచున్నకొలది మాత్ర తగ్గవలెను. అతిగా తినువానికిని, అసలు తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, అసలు నిద్రింపనివానికిని యోగము సిద్ధింపదని గీత షష్ఠాధ్యాయము చెప్పుటలో ఈ రహస్యమే యున్నది. మొదటివాడు ఈ గోడకు, రెండవవాడు ఆ గోడకు తగిలినవారు. అదే అధ్యాయమున మనస్సు వాయువువలె పట్టశక్యము కానిదని అర్జునుడు మొఱపెట్టగా, భగవానుడు కాదనలేదు. అభ్యాసమును, వైరాగ్యమును ఉపాయములుగా చెప్పెను. ఈ రెంటిని సారథి చేతి పనిగా భావించినచో, గుంజుట అభ్యాసము, విడుచుట వైరాగ్యము. గుంజకయే విడిచినవాడు అలసుడు. గుంజి విడువనివాడు హఠాగ్రహి. వేదాంతులు ఈ విషయమునే ముల్లుతో ముల్లు తీయు దృష్టాంతముచే చెప్పుదురు. కాలిలోని ముల్లు వచ్చిన పిదప, దానిని తీసిన ముల్లును గూడ పాఱవేయవలెను. ‘ఇది నాకు ఉపకారము చేసినది’ అని దాచుకొనువాడు మరల గ్రుచ్చుకొనును. సాధకులలో పలువురకు తమ పాత దోషముకంటె, ఆ దోషముపై పూనిన ఆగ్రహమే పెద్ద బంధమగుట మనమెఱుగనిది కాదు. త్రాగుడు మానినవాడు త్రాగువారిని ద్వేషించుటలో కాలము గడపును. కోపము విడువదలచినవాడు తన కోపముపైననే కోపించుచుండును.

అతడు మరల వ్రతము పట్టలేదు. మఱునాడు తండ్రికి తానే ఫోను చేసి, ఇంకొక పరీక్షకు పోలేదని చెప్పెను. గట్టు తగులకముందే చెప్పిన మొదటి మాట అది. పిమ్మట చేసినది చాల చిన్నది. చేయి కంప్యూటరువైపు పోయినప్పుడెల్ల, ‘పోయినది’ అని గుర్తించి, దానిని తిట్టక, పుస్తకమునకు మరల్చెడివాడు. మరల పోయినచో మరల మరల్చెడివాడు. ఒక్కొక్క రాత్రి ఇరువది పర్యాయములు. మీటకు ‘కొంచెము’ తెలియనట్లే సంకల్పమునకును తెలియదు. అదియు నొక్కుట, విడుచుట అను రెండే యెఱుగును. మితము అనునది ఒక్కసారి పట్టి కూర్చుండవలసిన స్థితి కాదు. అసంఖ్యాకములైన చిన్న మరలింపులతో క్షణక్షణము కట్టుకొనవలసినది. ఆదివారములందు ఒక గంట గేమ్ ఆడెడివాడు. ఆ గంట కొన్నాళ్ళకు అరగంట అయ్యెను. ఎప్పుడు పూర్తిగా పోయినదో అతనికే గుర్తు లేదు. ఆ నాలుగు సబ్జెక్టులును మఱుసటి సంవత్సరములోగా గట్టెక్కెను.

గేమ్‌కును జీవితమునకును నడుమనున్న భేదమును గూడ ఆ సంవత్సరమే అతనికి చూపెను. గేమ్‌లో గోడకు తగిలినవాడు మీట నొక్కి పందెమును మొదటినుండి ప్రారంభింపవచ్చును. పదునునకు అట్టి మీట లేదు. శ్రావణమున విత్తిన ఆ చేనికి ఊడలు దిగువేళ వాన అందలేదు. పంట విత్తనపు ఖర్చునకును చాలలేదు. పశుగ్రాసము కరవై తండ్రి ఆ ఎద్దుల జతను సంతలో అమ్మివేసెను. వేపచెట్టును చూచుచు అతడు తీసిన సాలులు ఆ ఎద్దులు తీసిన చివరి విత్తు సాలులు. మఱుసటి ఏడు ఆ చేనిలో అద్దె ట్రాక్టరు తిరిగెను. చేసిన కర్మ తిరిగి మొదటికి రాదు. దాని తరువాతి సాలును సరిగా తీయుటయే మనుష్యుని చేతనున్నది.

నేడు అతడు అదే పీఠభూమిపై నున్నాడు. 2019లో పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచి వద్ద కియా కార్ల కర్మాగారమున ఉత్పత్తి ఆరంభమైనది. ఎద్దుల సంతలకు పేరొందిన సీమనుండి కార్లు దేశదేశములకు పోవుచున్నవి. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విభజింపబడి ఆ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అతడు ఆ ప్రాంతముననే యంత్రభాగములను పరీక్షించు ఉద్యోగము చేయుచున్నాడు. అతనికి ఇప్పుడు ఒక చిన్న కారు కలదు. అందు ఇంజను ముందు చక్రములనే త్రిప్పును గనుక అది ఆ గేమ్‌లోని రీతిని జారునది కాదు; అతనికి ఆ కోరికయు లేదు.

మిగిలినది వేఱొకటి. ప్రతి ఉదయము అతడు జపమునకు కూర్చుండును. మనస్సు నామమును విడిచి ఆఫీసు పనికి, అప్పులకు, పాత రాత్రులకు జారును. ఒకప్పుడు అతడు దానిని గమనింపనట్లు నటించెడివాడు. కొంతకాలము దానిని దండించెడివాడు. ఇప్పుడు జారినదని తెలిసికొనును. నామమువైపు రవంత గుంజును. మనస్సు నామమును చేరగానే ఆ గుంజుటను విడుచును, ‘నేను మరల్చితిని’ అను గర్వమును దానితోనే విడుచును. చూపు మాత్రము ఇష్టదైవముపై నిలుపును. కఠోపనిషత్తు ఆ రథప్రయాణమునకు చెప్పిన గమ్యము విష్ణువు యొక్క పరమపదము. ఆ బాటలో చక్రము జారని రథమేదియు లేదు. జారినప్పుడు సారథి ఆవలి గట్టున నున్న చెట్టును చూచుచుండెనా, ఎద్దుల కాళ్ళను చూచుచుండెనా అన్నదే విషయము.

శుభమ్.